ఏ, ఈ, ఐ, ఓ, యూ ఒక్కోసారే, అదే వరుసలో వచ్చే ఇంగ్లీషు పదాలు ఏవి? వాటి అర్థాలేమిటి?

వెతకాల్సింది పదం చివర. ‘అయస్’ అని పలికే ఐ-ఓ-యూ-ఎస్ ముగింపులో మూడు అచ్చులు వరుసగా దొరికిపోతాయి. ఇక ఆ ముగింపుకు ముందే ఏ, ఈ అదే వరుసలో ఒక్కోసారి ఉంటే చాలు.

మొదటిది ‘ఫెసీషియస్’, 9 అక్షరాలు. చాలామంది దీన్ని ‘చమత్కారి’ అనుకుంటారు, అది సరిపోదు. గంభీరంగా మాట్లాడుకుంటున్న చోట సమయం సందర్భం లేకుండా వేళాకోళమాడటమే దీని అసలు అర్థం. మెచ్చుకోలుగా వాడితే ఎదుటివారు నొచ్చుకుంటారు.

‘ఆబ్‌స్టీమియస్’కి 10 అక్షరాలు. తిండిలో, తాగుడులో మితం పాటించేవారని అర్థం. పూర్తిగా మానేసినవారని కాదు, ఈ తేడా ముఖ్యం.

‘ఆర్సీనియస్’ రసాయనశాస్త్రపు మాట: ఆర్సెనిక్ ఉన్న, ముఖ్యంగా దాని సంయోజకత (ఇతర పరమాణువులతో కలిసే సామర్థ్యం) 3గా ఉన్న సమ్మేళనాలకు వాడతారు.

మొదటి రెండింటికీ చివర ఎల్-వై చేర్చితే క్రియావిశేషణాలవుతాయి, ఆరో అచ్చుగా వై కూడా వరుసలోనే వచ్చి కూర్చుంటుంది. చాలా అందమైన సంగతి ఇది!

పొరపాటు ఎక్కువగా ‘అడ్వెంటీషియస్’ దగ్గర జరుగుతుంది. బయటి నుంచి వచ్చి చేరినది అని అర్థం. వృక్షశాస్త్రంలో అబ్బురపు వేర్లకు, అంటే కాండం లాంటి వేరే భాగాల నుంచి పుట్టే వేర్లకు, ఇదే విశేషణం. వరుస సరిగ్గానే ఉంటుంది గానీ ఐ రెండుసార్లు వస్తుంది. అందుకే హల్లులు కొట్టేసి, మిగిలిన అచ్చులను కాగితం మీద రాసి చూడండి.

తిరగేసిన వరుస కావాలంటే ‘సబ్‌కాంటినెంటల్’ ఉంది: 14 అక్షరాలు, ఉపఖండానికి చెందినది.