నాన్నగారి తుపాకీ గొట్టం కోయించవచ్చా?

ప్రశ్న: మాది మలక్‌పేట. నల్గొండ జిల్లాలోని మా ఊళ్లో పొలం కాపలా కోసం మా నాన్నగారు లైసెన్సుతో తీసుకున్న డబుల్ బ్యారెల్ ట్వెల్వ్ బోర్ తుపాకీ ఉంది. ఆయన పోయి ఎనిమిది నెలలైంది. తుపాకీ ఇప్పుడు నాన్న జ్ఞాపకంగా మా ఇంటి బీరువాలో ఉంది. గొట్టాల చివర తుప్పు తినేసింది. బాలానగర్‌లో తెలిసిన లేత్ పనివాడు రెండంగుళాలు కోసి, మొత్తం పాలిష్ పట్టి ఇస్తానంటున్నాడు. గొట్టం 18 అంగుళాలకు తగ్గకపోతే ఏ కేసూ ఉండదని డాలస్‌లో ఉన్న మా బావమరిది అంటున్నాడు. చేయించవచ్చా?

జవాబు: వద్దండీ. ఆ లేత్ షాపు గడప కూడా తొక్కకండి.

మీ బావమరిది అబద్ధం చెప్పలేదు. కానీ ఆయన చెప్పింది అమెరికా మాట. షాట్‌గన్‌కి 18 అంగుళాల లెక్క అక్కడి 1934 నాటి కేంద్ర చట్టానిది. మన ఆయుధాల చట్టం, 1959 ఆరో సెక్షన్ అంగుళాల జోలికే పోదు. లైసెన్సు లేకుండా తుపాకీ గొట్టం పొట్టి చేయకూడదు, అంతే. రెండంగుళాలైనా, తుప్పు కోసమైనా కోత కోతే. 2019 సవరణ తర్వాత దీనికి శిక్ష ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా. ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివాడు తుపాకీ రిపేరు చేయడమూ నేరమే, శిక్ష కూడా అంతే. అంటే నాలుగు డబ్బుల కోసం ఒప్పుకున్న ఆ పనివాడూ మీతో పాటు ఇరుక్కుంటాడు. అతనికీ భార్యాపిల్లలు ఉంటారు కదా.

నన్ను ఎక్కువ భయపెట్టింది పాలిష్ మాట. తుపాకీ మడిచి చూస్తే లోహం మీద గుద్దిన నంబరు, తయారీదారు పేరు కనిపిస్తాయి. పాత తుపాకుల్లో ఆ అంకెలు సగం అరిగి, గోరుతో తడిమితే తప్ప తెలియనంత సన్నగా ఉంటాయి. పాలిష్ చక్రం నిమిషంలో వాటిని తుడిచేస్తుంది. ఎనిమిదో సెక్షన్ ప్రకారం నంబరు చెరపడం నేరం. నంబరు లేని తుపాకీ మీ దగ్గర దొరికితే, మీరే చెరిపారని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకునే భారం మీ నెత్తిన పడుతుంది. ‘మెరుగు పెట్టించాను సార్’ అంటే సరిపోదు.

ఇక మీరు అడగని సంగతి. అసలు ప్రమాదం అక్కడే ఉంది. లైసెన్సు మీ నాన్నగారి పేరు మీదిది, ఇల్లూ పొలంలా అది వారసులకు దానంతటదే రాదు. ఇవాళ బీరువాలో ఉన్నది లైసెన్సు లేని తుపాకీ. ఇలా ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్ల జైలు, జరిమానా. ‘నాన్న జ్ఞాపకం’ అన్న మీ మాట నేను నమ్ముతాను, మీలో దురుద్దేశం లేదనీ నమ్ముతాను. కానీ తుపాకీ ఇంట్లో ఉందని మీకు తెలుసు. తెలిసి దగ్గర ఉంచుకోవడమే చట్టం చూసేది.

దారి ఉంది, అదీ తేలికే. ఇరవై ఒకటో సెక్షన్ కింద తుపాకీని, తూటాలుంటే అవీ ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. తుపాకీ సంచిలో వేసుకుని బండి మీద బయల్దేరకండి. ముందు మరణ ధ్రువీకరణ పత్రం, లైసెన్సు పుస్తకం పట్టుకుని ఒట్టి చేతులతో స్టేషన్‌కి వెళ్లి ఎస్‌హెచ్‌ఓతో, అంటే ఆ స్టేషన్ బాధ్యుడైన అధికారితో, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎలా తేవాలో వారే చెబుతారు. మీ అంతట మీరు వెళ్లి చెప్పడానికీ, వాళ్లే వచ్చి బీరువా తెరవడానికీ చాలా తేడా ఉంది.

తర్వాత వారసుడిగా లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆయుధాల నియమాలు, 2016లో ఆ వీలుంది. మీరు ఉండేది నగరంలో కాబట్టి లైసెన్సు ఇచ్చే అధికారి హైదరాబాద్ పోలీస్ కమిషనర్. తోబుట్టువులుంటే వాళ్ల అభ్యంతరం లేదన్న కాగితం ఇప్పుడే రాయించుకోండి. ఒకరికి రెండు తుపాకులే పరిమితి, మీకు అడ్డు కాదు. లైసెన్సు వచ్చాక ఆ తుప్పు సంగతి లైసెన్సున్న డీలర్‌కే అప్పజెప్పండి.

స్టేషన్‌లో రసీదు తీసుకోవడం మరవకండి. దాని మీద రాసిన నంబరూ, లైసెన్సు పుస్తకంలోని నంబరూ, తుపాకీ మీది నంబరూ అంకె అంకె కలిశాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి.