కత్తిపీటకి చోటేది?

చిత్తూరు

అమ్మణ్ణీ,

వంటిల్లు పడగొట్టి కొత్తగా కట్టుకుంటున్నారట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మాడ్యులర్ కిచెన్ వాళ్ళు గీసిచ్చిన బొమ్మ కూడా పంపింది. బాగుంది. తెల్లగా మెరిసిపోతోంది, ఒక్క గిన్నె కూడా బయట కనబడటం లేదు. గ్రైండర్ ఎక్కడ పెడతారో, మీ అత్తగారు కత్తిపీట ఎక్కడ వేసుకుంటారో మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. అడ్వాన్స్ ఇవ్వకముందే రాస్తే మేలని కూర్చున్నాను.

పన్నెండేళ్ళ కింద మా వంటిల్లు బాగుచేయించినప్పుడు మేస్త్రీ ‘గట్టు ఎంత ఎత్తు పెట్టమంటారమ్మా’ అని అడిగాడు. ‘అందరికీ పెట్టేదే పెట్టునాయనా’ అన్నాను. ఆయన ఆరడుగుల మనిషి, తనకి నచ్చినట్టు 36 అంగుళాలు లేపేశాడు. నేను అయిదడుగులు. గట్టు మీద స్టవ్వు, స్టవ్వు మీద గిన్నె. సాంబారు ఉడికిందో లేదో చూడాలంటే ఈ రోజుకీ మునివేళ్ళ మీద లేవాలి. సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి.

కాబట్టి కొలత నీ ఒంటి నుంచే తీసుకో. చెప్పులు లేకుండా నిలబడి మోచెయ్యి వంచు. నేల నుంచి మోచేతికి ఎంత ఉందో టేపుతో చూసి, అందులోంచి నాలుగైదు అంగుళాలు తీసెయ్. కూరలు తరగడానికి, పిండి కలపడానికి ఆ ఎత్తు సరిపోతుంది. నీ పొడుగుకి 33 దగ్గర వస్తుందనుకుంటా. స్టవ్వు పెట్టేచోట ఇంకో మూడంగుళాలు దించమను. ‘గట్టంతా ఒకే లెవెల్‌లో ఉంటేనే అందం’ అంటారు. అననీ. వండేది వాళ్ళు కాదు.

ఇక వాళ్ళ బొమ్మ సంగతి. మీ గది ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు అంది మీ అమ్మ. వాళ్ళు మూడు గోడలకీ గట్టు వేశారు. ఒక్కో గట్టు రెండడుగుల లోతు, అంటే రెండు పక్కలా కలిపి నాలుగు పోయి మధ్యలో మిగిలేది నాలుగడుగులు. ఒక మనిషి అటూ ఇటూ తిరగడానికి చాలు. కింది డ్రాయర్ ఒకటి లాగితే ఇంకో మనిషి వెనక నుంచి పోలేదు. పైగా రెండు మూలలు వస్తాయి. మూల అల్మారాలో పెట్టిన గిన్నెని మళ్ళీ చూడటం ఇల్లంతా సర్దినప్పుడే. మా మూలలో పెళ్ళినాటి ఇత్తడి బిందె ఒకటి ఉంది. ఉందనే నమ్మకంతో బతుకుతున్నాను.

అసలు సంగతి ఏమిటంటే, వంట అంతా నిలబడి చేసేదనుకుని గీసిన బొమ్మ అది. మన పని సగం నేల మీద జరుగుతుంది. మీ అత్తగారు కత్తిపీట వేసుకుని గోంగూర ముందర కూర్చుంటే ఆవిడకి మూడడుగుల చోటు కావాలి. సంగటి చూడు. రాగిపిండి పోసి కాసేపు ఉడికాక గిన్నె కిందికి దించి, గుడ్డతో అదిమిపట్టి, తెడ్డుతో ఉండలు లేకుండా కెలకాలి. ఒంటి బలమంతా పడితేగాని అది కుదరదు. స్టవ్వు మీదే పెట్టి కెలికితే గిన్నె జారుతుంది, చెయ్యి కాలుతుంది. స్టవ్వు నుంచి ఒక్క అడుగు వెనక్కి వేసి దించుకునేంత ఖాళీ నేల ఉండి తీరాలి.

అందుకే రెండు గోడలకే గట్టు వేయించుకో. తూర్పు గోడ పదడుగులుంది కదా, స్టవ్వు అక్కడ, ఆగ్నేయం వైపు జరిపి. వండేటప్పుడు తూర్పు మొహం అవుతుంది, మీ అత్తగారికీ తృప్తి. ఉత్తరం గోడకి కిటికీ కింద సింక్. నిప్పూ నీళ్ళూ పక్కపక్కన ఉండకూడదని పెద్దవాళ్ళు అంటారే, అందులో శాస్త్రం ఎంతో నాకు తెలియదుగాని, సింక్‌లో నీళ్ళు చింది కాగే నూనెలో పడితే ఏమవుతుందో నా ముంజేతి మీద మచ్చ చెబుతుంది. రెండింటి మధ్య కనీసం మూడడుగుల గట్టు ఉంచు. కడిగిన కూర అక్కడ తరిగి అటు పొయ్యిలోకి తోస్తావు. రోజంతా నువ్వు నిలబడేది ఆ మూడడుగుల దగ్గరే, దాని మీద ఏ డబ్బాలూ పెట్టనీయకు. స్టవ్వు మాత్రం కిటికీకి ఎదురుగా వద్దు, గాలికి మంట ఆరిపోతుంది.

ఫ్రిజ్ గుమ్మం పక్కన పెట్టు. పిల్లలు నీళ్ళ కోసం నీ కాళ్ళ మధ్య దూరరు. గుమ్మం దగ్గరే కాఫీకి ఒక అర కూడా చేయించు. తిరుపతిలో ఇల్లుంటే దర్శనానికి వచ్చే చుట్టాలకి లెక్కుండదు, నాకు తెలుసు, ఆ చుట్టాల్లో నేనూ ఒకదాన్ని. తెల్లవారుజామున రెండింటికి లేచి కొండకి పోయేవాళ్ళు ఫిల్టరు, పంచదార, గ్లాసులు వాళ్ళే తీసుకునేలా ఉంటే నీ నిద్ర నీకుంటుంది.

ప్లగ్గుల విషయంలో పిసినారితనం వద్దు. గట్టు మీద ఎనిమిది అంగుళాల ఎత్తులో, స్టవ్వు పైన, సింక్ పైన కాకుండా, మిక్సీకి, వాటర్ ఫిల్టర్‌కి వేరువేరుగా. ఓవెన్, ఇండక్షన్ లాంటివాటికి 16 ఆంపియర్లవి. గ్రైండర్‌ని రోజూ ఎత్తి దించే పని పెట్టుకోకు. మోకాలి ఎత్తులో ఒక కడప బండ వేయించి, పక్కనే ప్లగ్గు ఇప్పించి అక్కడే వదిలెయ్. నిండా పిండితో ఉన్న గిన్నెని అక్కడి నుంచి ఎత్తడం సులువు.

సిలిండర్ వంటింట్లోనే గట్టు కింద అల్మారాలో పెట్టేటట్టయితే ఆ అల్మారా తలుపుకి కింది వైపు కన్నాలు ఉండాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, కారితే నేల మీదే పేరుకుంటుంది. పైన ఎంత పెద్ద కిటికీ ఉన్నా దానికి లెక్కలేదు. రబ్బరు పైపు ఒకటిన్నర మీటరు దాటకూడదు, అయిదేళ్ళకొకసారి మార్చాలి. ఆ పైపు ఇటుక గోడలోంచి, చెక్కలోంచి దూర్చి కనబడకుండా చేస్తామంటారు. ఒప్పుకోకు, కళ్ళకి కనబడుతూ ఉండాలి.

సింక్ కింద చెక్కపని అసలు పెట్టించకు. మీదీ బోరు నీళ్ళే కదా, కొళాయి చుట్టూ ఉప్పు పట్టి చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది. మాకు రెండేళ్ళకే ప్లైవుడ్ ఉబ్బిపోయి తలుపు పడింది. అమ్మినవాళ్ళని అడిగితే ‘నీళ్ళు తగిలితే గ్యారంటీ లేదమ్మా’ అన్నారు. వంటింట్లో నీళ్ళు తగలక ఇంకేం తగులుతుంది? అక్కడ తెరిచి ఉంచు, చెత్తబుట్ట పెట్టుకో. మిగతా చోట్ల చెక్క వాడితే నీళ్ళకి తట్టుకునే రకం, ఐఎస్ 710 అని ముద్ర ఉన్న ప్లై అడుగు, ముద్ర నీ కళ్ళతో చూడు. ఏడాది చింతపండు, మిరపకాయలు, వేరుశెనగలు పోసుకునే జాడీలకి చెక్క అల్మారాలు కూడా దండగ. పడమటి గోడకి నాలుగు కడప బండలు దిగ్గొట్టిస్తే చెద పట్టదు, నీ మనవలకి కూడా ఉంటాయి. అడుగున్నర లోతు దాటనీయకు, మిగతాది నేల.

గోడ ఏదైనా తీసెయ్యాలంటే మాత్రం ముందు ఇంజనీరుకి చూపించు. పాత మిద్దెలు గోడల మీదే నిలబడి ఉంటాయి.

ఇవన్నీ కాగితం మీద తెలియవు. ఆదివారం పొద్దున మిద్దె మీదికి ముగ్గుపిండి డబ్బా తీసుకుపో. ఎనిమిదికి పది గది గీసి, గట్టు, సింక్, స్టవ్వు, ఫ్రిజ్ అన్నీ నిజం కొలతల్లో గియ్యి. ఖాళీ గిన్నెలు పట్టుకుని అందులో ఒక పూట వంట చేసినట్టు తిరుగు. మీ అత్తగారిని కత్తిపీటతో సహా కూర్చోబెట్టు. ఆవిడ కాలు నీ దారికి అడ్డం వస్తే గీత చెరిపి మళ్ళీ గియ్యి. ముగ్గుకి ఖర్చేముంది.

పని మొదలుపెట్టేది బ్రహ్మోత్సవాలు అయ్యాకే. ఆ తొమ్మిది రోజులూ మీ ఇంటి నిండా మేమే ఉంటాం, పొయ్యి వసారాలో పెట్టుకుని ఇరవైమందికి వండలేవు. గీసినాక పైనుంచి ఫోటో తీసి పంపు. గ్రైండర్‌కి కూడా గీయడం మర్చిపోకు.

మీ పెద్దమ్మ