ఈస్టు నియంత్రిస్తుందా, నియంత్రించుకుంటుందా?

సందేహం: "ఈస్టు కణం తన కొవ్వును నియంత్రించుకుంటుంది" అని పిల్లలకు నోట్సు రాయించాను. మా తెలుగు పండితులు చూసి, "కణానికి బుద్ధా, మనసా? 'నియంత్రిస్తుంది' చాలు" అన్నారు. ఏది సరి?
– ఒక బయాలజీ టీచరు, కావలి

సమాధానం: మీరు రాయించిందే సరి, మాస్టారూ. క్రియకు 'కొను' చేరిందంటే పని ఫలం చేసినవారికే దక్కుతుందని. ఒంగోలు గిత్తను రైతు చెరువులో కడుగుతాడు, ఆపైన తన కాళ్ళు కడుక్కుంటాడు. 'కాళ్ళు కడిగాడు' అంటే ఎవరి కాళ్ళు అని అడగాల్సి వస్తుంది, పెళ్ళిలో మామగారైతే తప్ప!

ఇక బుద్ధి సంగతి. ముట్టుకుంటే అత్తిపత్తి ఆకులు ముడుచుకుంటుంది. బీరతీగ పందిరిని అల్లుకుంటుంది. వాటికి మనసుందా అని ఎవరమూ అడగం. 'ఈస్టు అనుకుంటుంది' అని రాయించి ఉంటే పండితులవారి ఆక్షేపణ చెల్లేది.

ఈస్టు విషయంలో 'కొను' మరీ బాగా అతుకుతుంది. కణపు పొరలకు కావలసిన కొవ్వుల తయారీలో ఐనోసిటాల్ ఒక సరుకు. అది బయట దొరకనప్పుడు కణమే తయారుచేసుకోవాలి. ఆ పని ఐనో1 అనే జన్యువుది. దాన్ని ఐనో2, ఐనో4 ప్రోటీన్లు నడిపిస్తాయి. అడ్డుపడగల ఓపీ1 ప్రోటీను అప్పుడు కేంద్రకం బయట, అంతర్జీవద్రవ్య జాలం (కణం లోపల వలలా అల్లుకున్న పొరలు) పొరను పట్టుకుని ఉంటుంది. ఆ పొరలోని ఫాస్ఫాటిడిక్ ఆమ్లమే దాన్ని అక్కడ నిలిపి ఉంచుతుంది. బయటినుంచి ఐనోసిటాల్ అందిందా, కొవ్వుల తయారీలో ఆ ఆమ్లం ఖర్చయిపోతుంది. పట్టు తప్పిన ఓపీ1 కేంద్రకంలోకి వెళ్ళి ఐనో1ను అణచేస్తుంది. అంటే కొవ్వు తయారీకి ముడిసరుకైన ఆమ్లమే తన నిల్వ ఎంతుందో కణానికి తెలియజేస్తోంది. చేసేదీ కణమే, ఫలం దక్కేదీ కణానికే.

మిగులు కొవ్వుదీ ఇదే తీరు. ట్రైగ్లిజరైడ్లనే నిల్వ కొవ్వుగా చిన్న చిన్న బిందువుల్లో దాచుకుంటుంది, అవసరమైతే లైపేజ్ ఎంజైములతో విడగొట్టుకుని వాడుకుంటుంది. ఇక్కడ 'దాస్తుంది' అంటే ఇంకెవరికో దాచిపెట్టినట్టుంటుంది.

ఒక్క జాగ్రత్త. కర్త మారితే క్రియా మారాలి. ఓపీ1 అణచేది ఐనో1ను, తనను కాదు. అందుకని కణం దగ్గర 'నియంత్రించుకుంటుంది' ఉంచండి, ఓపీ1 దగ్గర మాత్రం 'నియంత్రిస్తుంది' అనే రాయించండి. అక్కడ మీ పండితులవారి మాటే నెగ్గుతుంది.