వేడెక్కినా దిగని ఐడిల్

ప్రశ్న: నా దగ్గర ఇరవై ఏళ్ల నాటి రెండు సీట్ల పెట్రోల్ స్పోర్ట్స్ కారు ఉంది. ఇంజిన్ వేడెక్కిన తర్వాత కూడా ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) 1,800 ఆర్‌పీఎం దగ్గరే నిలుస్తోంది. ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించినా మార్పు లేదు. స్టాప్ స్క్రూ తిప్పి తగ్గిస్తానని మెకానిక్ అంటున్నారు. తిప్పించవచ్చునా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: దయచేసి ఆ స్క్రూను ముట్టుకోనివ్వకండి. అది థ్రాటిల్ పళ్లెం బిగుసుకుపోకుండా ఫ్యాక్టరీలో అమర్చినది. తిప్పితే థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్ లెక్క తప్పుతుందే గాని అసలు లోపం పోదు. వేడెక్కిన ఇంజిన్ సాధారణంగా 800–900కు దిగాలి. దిగడం లేదంటే ఎక్కడి నుంచో అదనపు గాలి లోపలికి వెళ్తోందని అర్థం.

ముందు యాక్సిలరేటర్ కేబుల్‌ను వేలితో కదపండి; కొంచెం వదులు ఉండాలి. అది బాగుంటే, ఇంజిన్ నడుస్తుండగా ఐడిల్ వాల్వ్‌కు (ఐడిల్‌లో గాలిని అందించే కవాటానికి) వెళ్లే రబ్బరు గొట్టాన్ని గుడ్డ చుట్టిన పటకారుతో మెల్లగా నొక్కించండి. వేగం పడిపోతే గాలి ఆ వాల్వ్ ద్వారానే వస్తోంది. పడకపోతే బ్రేక్ బూస్టర్ (బ్రేక్ తొక్కడం తేలిక చేసే భాగం) గొట్టం, మానిఫోల్డ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌కు గాలి పంపే గొట్టాల అతుకు దగ్గరి పట్టీ) అంచులపై సబ్బు నీళ్లు చల్లి, ఇంజిన్ శబ్దం ఎక్కడ మారుతుందో చెవి పెట్టి వినాలి. వేడి ఇంజిన్‌పై మండే స్ప్రేలు మాత్రం వద్దు. మన నల్లగొండ ఎండలకు పాత రబ్బరు గట్టిపడి, కొస దగ్గర వెంట్రుకవాసి పగుళ్లిస్తుంది. గొట్టం వంచితే గాని అవి కనబడవు.

వాల్వ్ వైపే తేలితే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం చూడండి. వాల్వ్ మూసుకునేది దాని వేడిని బట్టే. అది తగ్గినా, అందులో గాలి చిక్కుకున్నా, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకొని వాల్వ్ తెరిచే ఉంటుంది.