స్టేజీ లైటింగ్ పనిలో వెంట ఉంచుకునే పనిముట్లకు ఏ మార్పులు చేసుకోవాలి?

లైటింగ్ బృందంలో కొత్తగా చేరారని, నిచ్చెన ఎక్కే పని ఎక్కువగా మీకే పడుతోందని రాశారు. ఏ పనిముట్లు వెంట ఉంచుకోవాలి, వాటిని ఎలా మార్చుకోవాలి, మల్టీటూల్ ఒక్కటి కొంటే సరిపోతుందా అని అడిగారు. పరిషత్తు నాటకాలకు, కూచిపూడి ప్రదర్శనలకు, సభలకు చాలా ఏళ్లుగా లైట్లు కడుతున్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. పనిముట్టుకు ఏ మార్పు చేసినా రెండు విషయాలు చూసుకోవాలి. చేయి జారితే అది కింద ఉన్నవాళ్ల మీద పడకూడదు. చీకట్లో తడిమితే చాలు, చేతికి అందాలి. ఈ రెండింటికీ పనికిరాని హంగుల మీద డబ్బు పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది స్క్రూ స్పానర్, అంటే బోల్టు కొలతకు తగ్గట్టు దవడను జరుపుకోగల స్పానర్. 8 అంగుళాలది తీసుకోండి. మన దగ్గర అద్దెకు వచ్చే సామాను ఒకే తీరుగా ఉండదు. లైటును పైపుకు పట్టించే ఒక క్లాంపుకు ఎం10 బోల్టు (10 మిల్లీమీటర్ల మందం) ఉంటే పక్కదానికి ఎం12 ఉంటుంది. ఎం10 బోల్టు తలకు పాత ప్రమాణం ప్రకారం 17 మిల్లీమీటర్ల స్పానర్ పట్టాలి, కొత్త ప్రమాణంలో అది 16. ఎం12కు అలాగే 19 లేదా 18. ఇన్ని స్పానర్లు నడుముకు కట్టుకుని నిచ్చెన ఎక్కలేరు. సొంత సామాను ఉన్న ఆడిటోరియంలో, క్లాంపులన్నీ ఒకే కొలతవైతే మాత్రం రింగ్ స్పానరే మేలు. బోల్టు తల అరగదు, పట్టు జారదు.

ఆ స్పానర్‌కు తాడు కట్టడం మీరు చేయవలసిన మొదటి మార్పు. 6 మీటర్ల ఎత్తు నుంచి జారిన స్పానర్ నేలను తాకేసరికి గంటకు 39 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ సమయంలో కింద నటులు మేకప్‌తో తిరుగుతుంటారు, సెట్టింగ్ కుర్రాళ్లు తలుపులు నిలబెడుతుంటారు. వాళ్ల తల మీద హెల్మెట్ ఉండదు. చాలా స్పానర్లకు పిడి చివర రంధ్రం ఉంటుంది. లేకపోతే లేత్ పని చేసే షాపులో 6 మిల్లీమీటర్ల రంధ్రం వేయించండి. గట్టి ఉక్కు కాబట్టి డ్రిల్లును నెమ్మదిగా తిప్పుతూ నూనె పోస్తూ వేయాలి. ఉక్కు నీలం రంగుకు తిరిగేంత వేడెక్కితే అక్కడ దాని గట్టిదనం పోతుంది. రంధ్రం అంచులను ఆకురాయితో తప్పకుండా నునుపు చేయండి, లేకపోతే ఆ అంచే తాడును కోసేస్తుంది.

తాడు సన్నని నైలాన్‌ది చాలు. రెండో కొసను బెల్టుకు కట్టి, స్పానర్ పట్టుకుని చేయి పూర్తిగా పైకి చాపండి. అప్పటికీ జానెడు వదులు మిగలాలి. అంతకు మించితే నిచ్చెన మెట్లకు చిక్కుకుంటుంది. మణికట్టుకు మాత్రం కట్టుకోకండి. తాడు ఎక్కడైనా చిక్కుకుంటే చేతిని వెనక్కి తీసుకోలేరు. స్ప్రింగులా సాగే తాళ్లు అమ్ముతారు, కొన్నిటి లోపల లోహపు తీగ ఉంటుంది. కరెంటు దగ్గర పని కాబట్టి నేను అవి వాడను.

ఇక నాకు చాలా ఇష్టమైన మార్పు చెబుతాను. స్క్రూ స్పానర్‌తో బిగించేటప్పుడు అసలు బలం కదలని దవడ మీద పడాలి, అంటే కదిలే దవడ ఉన్న వైపుకు లాగాలి. తిరగేసి పట్టుకుంటే కదిలే దవడ వదులై బోల్టు తల మూలలు అరిగిపోతాయి. వెలుతురులో ఇది చూస్తే తెలుస్తుంది. చీకట్లో ఎలా? పిడికి గట్టి నూలు దారాన్ని ఒత్తుగా చుట్టి, కదిలే దవడ ఉన్న వైపున దారం ముడులు వరుసగా వచ్చేలా వేయండి, పైన కొంచెం ఫెవికాల్ పూయండి. పిడి పట్టుకోగానే బొటనవేలికి ముడులు తగులుతాయి, ఎటు లాగాలో చేతికే తెలుస్తుంది. చెమట పట్టినా జారదు. కొందరు పాత సైకిల్ ట్యూబు ముక్కను పిడికి తొడుగుతారు, అదీ మంచిదే. అయితే దారమైనా ట్యూబైనా పట్టు కోసమే, కరెంటు నుంచి కాపాడుతుందని అనుకోవద్దు.

మెరిసే స్పానర్ కంటే నల్లటి పూత ఉన్నది మేలు. ప్రదర్శన నడుస్తుండగా వింగ్‌లో, అంటే స్టేజీ పక్కన తెరల చాటున నిలబడితే మెరుపు ప్రేక్షకుల కంట పడుతుంది. కింద పెడితే మళ్లీ దొరికేందుకు పిడి చివర రేడియం టేపు సన్నగా చుట్టండి.

కటింగ్ ప్లయర్ విషయంలో నా సలహా ఒక్కటే, దానికి ఏ మార్పూ చేయవద్దు. 1000 వోల్టులని, జంట త్రిభుజాల గుర్తని ముద్ర ఉన్నది కొనండి. దాని పిడి మీది తొడుగుకు రంధ్రం వేసినా, చెక్కినా, ఆ ముద్రకు విలువ ఉండదు. నియాన్ టెస్టర్‌ను కూడా అతిగా నమ్మకండి. మన ఒంటి గుండా నేలకు పోయే అతి చిన్న కరెంటుతోనే అది వెలుగుతుంది. పొడి చెక్క నిచ్చెన మీద ఉన్నప్పుడు లైను ఉన్నా మసకగా వెలగవచ్చు, అసలు వెలగకపోవచ్చు. లైను లేదని నిర్ధారించుకోవాలంటే మల్టీమీటరుతో చూడండి, ముందుగా కరెంటు ఉన్న చోట పెట్టి మీటరు సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోండి.

చిన్న ఎల్ఈడీ టార్చి ముందు నీలం రంగు జెల్ ముక్క (లైట్లకు రంగు కోసం పెట్టే పలుచని ప్లాస్టిక్ షీటు) అంటించుకోండి. లైట్లకు కత్తిరించగా మిగిలిన ముక్క చాలు, వింగ్‌లో చూసుకోవడానికి సరిపోతుంది, వెలుగు స్టేజీ మీదకు పాకదు. టేపు బిళ్ల మొత్తం మోయకుండా, పాత ఏటీఎం కార్డు చుట్టూ కొంత చుట్టుకుంటే జేబులో పడుతుంది.

డీఎంఎక్స్ లైట్లతో, అంటే కంట్రోల్ బోర్డు నుంచి వైరు ద్వారా వచ్చే సంకేతాలతో నడిచే లైట్లతో పనిచేస్తుంటే ఒక చిన్న వస్తువు మీరే తయారు చేసుకోవచ్చు. మగ ఎక్స్ఎల్ఆర్ ప్లగ్గు (ఆ వైర్లకు వాడే, పిన్నులున్న గుండ్రటి ప్లగ్గు) ఒకటి కొని, 2, 3 పిన్నుల మధ్య 120 ఓముల రెసిస్టర్‌ను టంకం వేయండి. దాన్ని వరుసలో చివరి లైటు అవుట్ సాకెట్‌లో పెట్టాలి. వైరు పొడవైనప్పుడు సంకేతం చివరి నుంచి తిరిగి వచ్చి లైట్లు ఉన్నట్టుండి మిణుకుమనడం చాలావరకు దీనితో ఆగిపోతుంది. మన దగ్గర ఎక్కువగా 3 పిన్నుల సాకెట్లే కనిపిస్తాయి, ప్రమాణం చెప్పేది మాత్రం 5 పిన్నులు. అందుకే రెండు రకాలూ చేసి తాళాల గుత్తికి వేలాడదీసుకోండి.

మల్టీటూల్ కొనవచ్చు, కానీ స్పానర్ స్థానంలో కాదు. దానిలోని ప్లయర్ పిడి వట్టి లోహం, కాబట్టి లైను ఉన్న వైరు దగ్గరికి దాన్ని తీసుకెళ్లకూడదు. కేబుల్ టైలు కోయడానికి కూడా దాని కత్తి వద్దు, కత్తి జారితే వైరు తొడుగు తెగుతుంది. అంచు దాకా సాఫీగా కోసే చిన్న నిప్పర్ వేరే కొనుక్కోండి. టై కొస మొనదేలి మిగలదు, తర్వాత వైరు పట్టుకున్నవాళ్ల చేయి గీసుకుపోదు. బయటి ఊళ్లకు విమానంలో వెళ్లేటట్లయితే ఇవన్నీ చెకిన్ పెట్టెలో వేయండి, చేతి సంచిలో ఉంటే భద్రతా తనిఖీ దగ్గరే తీసేసుకుంటారు.