సప్పుడు చెయ్యని ఫిల్టర్

హన్మకొండ

బిడ్డా,

చేపల తొట్టికి సప్పుడు చెయ్యని ఫిల్టర్ ఏది కొనాలని నిన్న నువ్వు ఫోన్ల అడిగినదానికి రెండు ముక్కల్ల జవాబు చెప్పి పెట్టేసిన గని, పండుకున్నంక మనసున పట్టలేదు. అందుకే కూసోని రాస్తున్న. కొనబోయే రోజు ఇది ఇంకోసారి చదువుకొని పో.

కాజీపేట క్వార్టర్ల కిటికీ అవతల రాత్రంత గూడ్సు బండ్లు పోతున్నా కదలని అల్లుడు, చేపల తొట్టి సప్పుడుకు లేస్తుండని చెప్పి నువ్వు నవ్వినవు. నాకైతే నవ్వు రాలేదు. బండి వస్తది, పోతది. ఫిల్టర్ ఏడికి పోతది? చెవి పక్కన దోమ లెక్క ఒకే తీరుగ గీపెట్టుకుంట ఉంటది. పైగా ఆయన రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు కన్ను మూసే మనిషి.

నన్ను భయపెట్టింది నీ ఇంకో మాట. "ఆయన పండుకున్నప్పుడు స్విచ్ ఆపేస్తున్న పెద్దబాపూ" అన్నవు. ఆ పని మాత్రం ఇయ్యాల్టి నుంచే బంద్ చెయ్యి.

నేను ఆ పని చేసే నాలుగు చేపలను చంపుకున్న. తొలిసారి తొట్టి పెట్టినప్పుడు అద్దానికి వెనక తగిలించే ఫిల్టర్ తెచ్చిన. రాత్రి పదింటికి ఆపుడు, పొద్దుగాల ఆరింటికి వేసుడు. మే నెల. ఒకరోజు పొద్దున స్విచ్ వెయ్యంగనే ఫిల్టర్ నుంచి మురుగు కాల్వ వాసన వచ్చింది. నేను పట్టించుకోలే, షాపుకు పోయిన. మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి చేపలన్నీ నీళ్ల మీదికొచ్చి నోళ్లు తెరుస్తున్నయి. దీపం పెట్టే యాళ్లకు నాలుగు పోయినయి.

ఫిల్టర్ అంటే చెత్త పట్టే జల్లెడ అనుకునేటోణ్ణి అప్పుడు. అసలు పని చేసేది అందులోని స్పాంజికి పట్టుకొని బతికే బాక్టీరియా. చేప వదిలే అమ్మోనియా దానికే విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తది, అది కూడ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తది, అది కొంత మోతాదు వరకు చేప ఓర్చుకుంటది. ఈ బాక్టీరియాకు గాలి కావాలె. నీళ్లు కదలకుండ డబ్బాల మూసుకపోయి ఎనిమిది గంటలు ఉంటే ఊపిరాడక చస్తయి. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే వాటిల్ల ఆక్సిజన్ ఇంకా తక్కువ. అట్ల కుళ్లిన నీళ్లనే నేను పొద్దుగాల మళ్ల తొట్టిలకు తోసిన.

అందుకే నీకు కావాల్సింది ఆపాలని మనసుకే రాని ఫిల్టర్.

ముప్పై ఏండ్లు మోటర్ వైండింగ్ చేసిన చెవులు నావి. తొట్టి కాడ వినొచ్చే సప్పుళ్లు మూడే: నీళ్లు పడేది, బుడగ పగిలేది, మోటర్ వణుకు ఇంకోదానికి పాకేది.

నీ కాడ ఇప్పుడున్నది వెనక తగిలించే రకమే కదా, దాంట్ల మొదటిదీ మూడోదీ రెండూ ఉన్నయి. చెరువు మత్తడి చూసినవు కద. కింద వాగు నిండుగ ఉంటే నీళ్లు ఊరికె జారిపోతయి. వాగు ఎండితే దుంకుతయి, ఊరంత వినబడతది. తొట్టిల నీళ్లు ఒక అంగుళం ఆవిరైతే నీ ఫిల్టర్ కూడ గట్లనే దుంకుతది. కొత్తది కొనేదాక రోజూ ఒక చెంబెడు నీళ్లు పోసి, అంచు దాకా నిండుగ ఉంచు. సగం సప్పుడు అక్కడే తగ్గుతది. కరెంటు పోయొచ్చినంక గరగరమంటే నీళ్లు ఎక్కక ఖాళీగ తిరుగుతున్నట్టు. డబ్బాల నీళ్లు పోసి వెయ్యి. అయినా తగ్గకపోతే లోపలి చక్రం కాడ ఇసుక రేణువు ఇరుక్కున్నదేమో విప్పి చూడు.

నీళ్లల్ల మునిగి ఉండే మోటర్ ఫిల్టర్ సప్పుడు తక్కువే, కాదనను. నీళ్లే దాన్ని మింగుతయి. గని దాన్ని అద్దానికి పట్టించే రబ్బరు కప్పులు కొన్నాళ్లకు గట్టిపడి ఊడుతయి. మోటర్ ఒళ్లు అద్దానికి తాకిందంటే అద్దమంత స్పీకరై మోగుతది. ఇంకోటి, షాపోడు నీకు పెద్దదే అంటగడ్తడు. నీ తొట్టి 45 సెంటీమీటర్ల పొడుగు, 25 వెడల్పు, నీళ్లు 27 ఎత్తు అన్నవు. మూడూ గుణించి వెయ్యితోని భాగిస్తే 30 లీటర్లు, అడుగున రాళ్లు పోను ఇంకొంత తక్కువ. గంటకు నాలుగైదు సార్లు ఆ నీళ్లు తిరిగితే చాలు, అంటే 120 నుంచి 150 లీటర్లు. 800 లీటర్లదాన్ని పెడితే పిల్లగాడు ముచ్చటపడి తెచ్చుకున్న ఫైటర్ చేప, ఆ పొడుగు రెక్కలతోని, వరదల కొట్టుకపోయినట్టు మూలకు నక్కుతది. ఇక తొట్టి కింద బీరువాల పెట్టే కానిస్టర్ ఫిల్టర్ మంచిదే, సప్పుడు చాన తక్కువ. 30 లీటర్లకు అది పెట్టుడంటే పావెకరం మడికి పది హెచ్‌పీ మోటర్ దించుడే.

నా మాట వింటే స్పాంజి ఫిల్టర్ తెచ్చుకో. నీళ్లల్ల మోటర్ ఉండదు, కరెంటు వైరు ఉండదు. బయట చిన్న గాలి పంపు, సన్న పైపు, అడుగున ఒక స్పాంజి. బుడగలు పైకి పోయేటప్పుడు నీళ్లను స్పాంజి గుండ గుంజుకుంటయి, అంతే.

మొన్న పిల్లగాణ్ణి రామప్పకు తీస్కపోయినప్పుడు గుడి శిఖరం ఇటుకలు నీళ్ల మీద ఎందుకు తేలుతయని అడిగిండు. 1213ల రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, ఆ ఇటుకల నిండ సన్న సన్న రంధ్రాలు, అందుకే అంత తేలిక. స్పాంజి కూడ గంతే, దాని విలువంత ఆ రంధ్రాలల్లనే. బాక్టీరియా కాపురం ఉండేది వాటి గోడల మీదనే. కొత్త స్పాంజి కూడ ఆ ఇటుక లెక్క పైకి తేలుతది. షాపోడు మోసం చేసిండనుకోకు. నీళ్లల్ల ముంచి నాలుగైదు సార్లు పిండు, గాలి పోయి అడుగుకు కూసుంటది.

స్పాంజి ఎవరిదైనా ఒకటే, చూసుకోవాల్సింది పంపును. నేను చాలా పంపులు విప్పిన. అందులో ఇనుప రేకుల మీద చుట్టిన ఒక కాయిల్, దాని ముందర ఒక చేయి, చేతి కొసకు అయస్కాంతం, ఇంకో దిక్కు గంట ఆకారంల రబ్బరు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఆ చేయి సెకనుకు 50 సార్లు ఊగి రబ్బరును నొక్కుతది. నీకు వినొచ్చే గీ అనే మోత గదే. రబ్బరు చీరినా, లోపలి స్క్రూ వదులైనా టపటపమని మారుతది. అట్ల మారితే పంపు పారెయ్యకు, రబ్బరు ఒక్కటే దొరుకుతది.

షాపుల చెవితోని పరీక్ష చెయ్యకు. ఇరవై తొట్లు బుసలు కొడుతుంటే ఏ పంపైనా మెత్తగనే వినబడతది. ప్లగ్గు పెట్టమని అడుగు. పంపును అరచేతిల పట్టుకొని, పైపు కొసను ఏదన్న తొట్టిల అడుగు దాకా ముంచు. ఖాళీ గాలికి తిరిగే పంపు వేరు, నీళ్ల బరువు మీద పడ్డ పంపు వేరు. వేళ్లకు సన్నగ జిల్లుమంటే పర్వాలేదు. చెయ్యి తిమ్మిరెక్కినట్టయితే వద్దు. తర్వాత గాజు కౌంటర్ మీద పెట్టి చూడు, జరుక్కుంట పోయే పంపును ఎంత తక్కువకిచ్చినా తీసుకోకు. గాలి ఎక్కువ తక్కువ చేసే మర ఉన్నది దొరికితే తీసుకో. గాలి ఎక్కువైందని పైపును మడిచి బిగించకు, లోపలి రబ్బరు మీద బరువు పడి జల్దిన పోతది.

ఇంటికొచ్చినంక పంపును ఏడ పెడుతవన్నదే అన్నిటికన్న పెద్ద ముచ్చట. ఇనుప బీరువా మీద పెడితే అది డప్పై కొడతది. ప్లైవుడ్ షెల్ఫ్ కూడ అంతే. నా పంపును నేను గోడ మేకుకు సుతిలి తాడుతోని వేలాడదీసిన, గోడకు తాకకుండ. దేనికీ తాకని పంపు వణుకు ఎవరికి పంచుతది? వేలాడదీసుడు కుదరకపోతే మందం స్పాంజి ముక్క మీదన్న పెట్టు. బట్టతోని కప్పకు, వేడెక్కుతది.

ఏడ పెట్టినా తొట్టి నీళ్లకన్న ఎత్తుల ఉండాలె. కిందుంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపు గుండ వెనక్కొచ్చి పంపును ముంచుతయి. ఎత్తు కుదరకపోతే పైపు నడుమ ఒక్క దిక్కే గాలి పోనిచ్చే వాల్వ్ పెట్టు, పదో ఇరవయ్యో రూపాయలది. ప్లగ్గు వైరు బోర్డు కన్న కిందికి ఒకసారి వేలాడి మళ్ల పైకి పోవాలె, నీటి చుక్క జారినా బోర్డులకు పోకుండ కింద పడతది. తొట్టిల చెయ్యి పెట్టేటప్పుడు మాత్రం స్విచ్ ఆపు, అప్పుడు తప్ప ఎప్పుడూ ఆపకు.

మిగిలింది బుడగల గుడగుడ. స్పాంజి మీది నిలువు గొట్టంల పెద్ద బుడగలు లేస్తే కుండల నీళ్లు ఉడికినట్టు వినబడతది. సన్న గాలి రాయి (ఎయిర్ స్టోన్) ఒకటి ఆ గొట్టం లోపల పడేటట్టు పైపుకు పెట్టు. బుడగలు సన్నబడి సప్పుడు సుయ్యిమంటది. గొట్టం కొస నీళ్లపైకి లేవకుండ ఒక వేలు మందం కిందికే ఉంచు.

మీ ఇన్వర్టర్ పాతదైతే కరెంటు పోయినప్పుడు పంపు మోత పెరుగుతది, కరెంటును సాఫీ అలగ కాకుండ మెట్లు మెట్లుగ (స్క్వేర్ వేవ్) ఇచ్చే ఇన్వర్టర్ మీద ఏ కాయిలైనా అట్లనే గీపెడతది. భయపడకు, నడవనియ్యి. అది తినేది నాలుగైదు వాట్లే.

రెండు మూడు వారాలకోసారి స్పాంజిని తొట్టి నీళ్లే బకెట్ల తీసి అందులో పిండు. మిషన్ భగీరథ నల్లా కింద పెట్టి కడగకు, అందులో క్లోరిన్ ఉంటది, బాక్టీరియా పోతది. ఇంకో ముచ్చట, పిల్లగాడు గోల్డ్ ఫిష్ అడుగుతుండన్నవు. ఆ తొట్టిల వద్దు, దాని పెంటకు ఆ నీళ్లు చాలయి.

పాత ఫిల్టర్‌ను కొత్తది తెచ్చిన రోజే తియ్యకు. స్పాంజిల బాక్టీరియా కుదురుకోవాలంటే నాలుగు నుంచి ఆరు వారాలు పడతది. అంతదాక అల్లుడు ఓర్చుకోలేడు కాబట్టి నేను ఆదివారం వస్తా. నా తొట్టిల రెండేండ్లుగ నడుస్తున్న స్పాంజిని తొట్టి నీళ్లతోనే డబ్బాల తడిగ తెస్తా, దాన్నే నీ కొత్త ఫిల్టర్‌కు ఎక్కిస్తే పాతది అప్పుడే తీసెయ్యొచ్చు. నువ్వు స్పాంజి ఫిల్టర్, పంపు, పైపు, గాలి రాయి తెచ్చిపెట్టు. మేకు, సుత్తె నా కాడున్నయి.

అల్లుని డ్యూటీ ఏ పూటనో కనుక్కొని చెప్పు. మేకు కొట్టేటప్పుడు ఆయన పండుకొని ఉండొద్దు.

మీ పెద్దబాపు