సంతకం కింద తేదీ

చి॥ చిన్నాకి అత్త దీవెనలు.

జీడిమెట్లలో హెచ్‌ఆర్ మేనేజర్‌గా చేరుతున్నావని మీ నాన్న చెప్పాడు. ముప్పై ఏళ్లు అదే పని చేసి రిటైరైనదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

చేరగానే పాలసీల ఫైలు తెరవకు. ముందు మీ కంపెనీలు అసలు ఎన్నో లెక్కపెట్టు. కుటుంబ వ్యాపారాల్లో అన్నగారికి ఒక ప్రైవేట్ లిమిటెడ్, వదినగారి పేర ఒక ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యతతో నడిచే భాగస్వామ్య సంస్థ), నాన్నగారి నాటి పార్ట్‌నర్‌షిప్ ఒకటి ఉంటాయి. గేటు ఒకటే, క్యాంటీన్ ఒకటే, జీతం స్లిప్పుల మీద మాత్రం మూడు పేర్లు. పాత కార్మిక చట్టాల బదులు తెచ్చిన లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి కాబట్టి ఇప్పుడు అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇచ్చి తీరాలి. అది ఎవరి లెటర్‌హెడ్ మీద వెళ్తోందో, పీఎఫ్ ఎవరి కోడ్ కింద కడుతున్నారో సరిచూసుకో. 20 మంది ఉంటే పీఎఫ్ కట్టాలని పదిహేను మందిని ఇక్కడ, పద్దెనిమిది మందిని అక్కడ చూపించే తెలివి కొందరిది. అవన్నీ ఒకటే సంస్థ అని తేలితే పీఎఫ్ వాళ్లు కలిపే లెక్కేస్తారు. ఆ రోజు రిజిస్టర్లు చంకన పెట్టుకుని వెళ్లేది నువ్వే, అన్నగారు కాదు.

ఇక నా తప్పు ఒకటి చెప్తాను. మీ నాన్నకి కూడా తెలియదు.

నేను పనిచేసిన ఒక చోట ఒకమ్మాయి తన మేనేజర్ మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇచ్చింది. పది మంది ఉన్న చోటల్లా అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం. సీనియర్ మహిళ అధ్యక్షురాలు, సగం మందైనా ఆడవాళ్లు, బయటి సభ్యులు ఒకరు. మాకు అలాంటిదే లేదు. ఎండీ గారు పిలిచి, "పోయిన ఏడాది తేదీతో ఒక ఆర్డర్ వేసెయ్యమ్మా" అన్నారు. వేశాను. సంతకమూ నాదే. మొదటి మీటింగ్‌లోనే బయటి నుంచి వచ్చిన లాయరమ్మ ఆ కాగితం చూసి, ఇందులో ఉన్న ఫలానా ఆవిడ ఎప్పుడు చేరారని అడిగింది. ఆ తేదీకి ఆవిడ ఇంకా మా కంపెనీలో లేదు! నాకు నోట మాట రాలేదు. ఫిర్యాదు చేసినమ్మాయి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. పదిరోజుల్లో రిజైన్ చేసింది. కమిటీ లేకపోతే చట్టంలో జరిమానా 50 వేల దాకా. అది కట్టి ఊరుకోవాల్సింది.

కాబట్టి పాత తేదీ వెయ్యమంటే "ఈరోజు తేదీతో వేద్దాం సార్, ఆలస్యానికి కారణం రాద్దాం" అను. గొడవ పడనక్కర్లేదు. గదిలో నోటితో చెప్పిన మాటని బయటికొచ్చి, "మీరు చెప్పినట్టు ఫలానా పని చేయాలా సార్?" అని మెయిల్ పెట్టు. సగం పనులు ఆ మెయిల్‌తోనే ఆగిపోతాయి. మిగతా సగానికి మాత్రం ధైర్యం కావాలి, ఆర్నెల్ల జీతం బ్యాంకులో ఉంటే అది కాస్త తొందరగా వస్తుంది.

పెద్ద కంపెనీ అయితే ఇవన్నీ ఉండవనుకోకు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు గారి లేఖ బయటపడ్డప్పుడు హైదరాబాద్‌లోనే ఉన్నాను. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే రాశారు. పేరున్న ప్రొఫెసర్లు, మాజీ అధికారులు బోర్డులో కూర్చున్న కంపెనీ అది. ఆ నెలంతా మా ఆఫీసుకి సత్యం పిల్లల రెజ్యూమేలే. హోమ్‌లోన్ ఈఎంఐలు తలుచుకుని ఇంటర్వ్యూలో ఏడ్చినవాళ్లున్నారు. తప్పుడు లెక్క రాసినవాళ్లు కాదు వాళ్లు.

అన్నట్టు, మీ కంపెనీకి బ్యాంకు అప్పు ఎంతో అకౌంట్స్‌లో కనుక్కో. 50 కోట్లు దాటితే ప్రైవేట్ లిమిటెడ్ అయినా సరే, ఉద్యోగులు భయం లేకుండా ఫిర్యాదు చేసే విజిల్ మెకానిజం (ఈల కాదు, vigil, అంటే నిఘా ఏర్పాటు) 2013 కంపెనీల చట్టం ప్రకారం ఉండాల్సిందే. ఆ ఫిర్యాదులు ఏ డైరెక్టర్ దగ్గరికి వెళ్లాలో ఆయన పేరు నోటీసు బోర్డు మీద ఉందా? డబ్బా పెట్టి తాళం చెవి ఎండీ గారి పీఏ దగ్గర ఉంచితే దాన్ని మెకానిజం అనరు.

మీ కంపెనీల పేర్లన్నీ, ఎవరెవరు ఎందులో ఉన్నారో రాసుకుని శనివారం ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం నిద్రపోతాను, నాలుగు దాటాక.

నీ అత్త